అమెరికాలో మీ కంపెనీకి విదేశీ ఇంటర్న్‌లు, ట్రైనీలు: జె-1 గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో హోటల్, రెస్టారెంట్, ఇంజనీరింగ్ ఆఫీసు, చిన్న ఐటీ కంపెనీ నడుపుతున్న తెలుగువాళ్ళు విదేశాల నుంచి జె-1 వీసా మీద ఇంటర్న్‌ని తెచ్చుకుందామని అనుకున్నప్పుడల్లా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. మా కంపెనీలో ఈ పని చూసేది నేనే కాబట్టి, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉంటుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఓపీటీ మీద ఉన్న పిల్లల్ని తీసుకున్నట్టే కదా, ఇందులో కొత్తేముంది?

కాదు. ఓపీటీ, అంటే చదువుకి సంబంధించిన పని చేసుకునే అనుమతి, ఇక్కడి యూనివర్సిటీలో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద చదివినవాళ్ళకి. వాళ్ళు అప్పటికే అమెరికాలో ఉంటారు, వాళ్ళ చదువుకి సంబంధించిన ఉద్యోగమే చేస్తారు. జె-1 ఇంటర్న్, ట్రైనీ కార్యక్రమం బయటి దేశాల్లో చదువుకున్నవాళ్ళకి. 1961లో వచ్చిన సాంస్కృతిక మార్పిడి చట్టం కింద అమెరికా విదేశాంగ శాఖ దీన్ని నడుపుతుంది. వచ్చినవాళ్ళు ఇక్కడి పని పద్ధతులు నేర్చుకుని తిరిగి తమ దేశానికి వెళ్ళడం దీని ఉద్దేశం. మీరు ఇక్కడ యజమాని మాత్రమే కాదు, గురువు కూడా. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతా రూల్స్ ఎందుకున్నాయో వాటంతట అవే అర్థమవుతాయి.

వీసాకి మేమే పిటిషన్ వేయాలా?

అక్కర్లేదు. విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ సంస్థలు ఉంటాయి. అభ్యర్థినీ, మీ కంపెనీనీ పరిశీలించి డీఎస్-2019 (జె-1 వీసాకి కావలసిన అర్హత పత్రం) ఇచ్చేది వాళ్ళే. మీరు కేవలం ఆతిథ్య సంస్థ. అలాగని బాధ్యత తగ్గదు. స్పాన్సర్‌కి మీరు ఇచ్చే ప్రతి వివరం కింద మీ సంతకం ఉంటుంది.

ఇంటర్న్ ఎవరు, ట్రైనీ ఎవరు?

అమెరికా బయట డిగ్రీ గానీ, సర్టిఫికెట్ కోర్సు గానీ చదువుతున్నవాళ్ళు, లేదా పూర్తిచేసి 12 నెలలు దాటనివాళ్ళు ఇంటర్న్‌లు. వాళ్ళకి గరిష్ఠంగా 12 నెలలు.

డిగ్రీతో పాటు అమెరికా బయట అదే రంగంలో కనీసం ఒక ఏడాది అనుభవం ఉన్నవాళ్ళు ట్రైనీలు. డిగ్రీ లేకపోయినా 5 ఏళ్ళ అనుభవం ఉంటే చాలు. ట్రైనీలకి 18 నెలల వరకు అవకాశం ఉంది. కానీ హోటల్, టూరిజం రంగంలో మాత్రం 12 నెలలే. డిగ్రీ అయి రెండేళ్ళయింది, ఉద్యోగం చేయలేదు అనేవాళ్ళు ఈ రెండింట్లో దేనికీ సరిపోరు. ఇండియా నుంచి వచ్చే రెజ్యూమెల్లో ఇలాంటివి చాలా ఉంటాయి, కాబట్టి ముందే తేదీలు చూడండి.

మాది 12 మంది ఉన్న చిన్న కంపెనీ. మాకు ఇస్తారా?

ఇస్తారు. 25 మంది కన్నా తక్కువ ఉద్యోగులున్నా, ఏడాది ఆదాయం 30 లక్షల డాలర్ల కన్నా తక్కువున్నా, ఆ స్పాన్సర్‌తో మీకిది మొదటిసారైతే వాళ్ళు స్వయంగా వచ్చి చూస్తారు. ఆఫీసు నిజంగా ఉందా, నేర్పడానికి మనిషి ఉన్నారా, ట్రైనీ కూర్చునే చోటేది అన్నవి చూస్తారు. టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు. మీ ఈఐఎన్ (కంపెనీ పన్ను గుర్తింపు) నంబర్, వెబ్‌సైట్, వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో దెబ్బ తగిలితే వర్తించే ఇన్సూరెన్స్) పాలసీ కాగితం సిద్ధంగా పెట్టుకోండి. టెక్సస్‌లో ప్రైవేటు కంపెనీలకి ఆ పాలసీ తప్పనిసరి కాదు కాబట్టి చాలామంది దగ్గర ఉండదు. అలాంటప్పుడు స్పాన్సర్ ఏ కాగితం ఒప్పుకుంటారో మొదటి ఫోన్‌కాల్‌లోనే అడగండి.

నా దృష్టిలో చిన్న కంపెనీలే మంచి ఆతిథ్యం ఇస్తాయి. ఓనరే పక్కన కూర్చుని కొటేషన్ ఎలా వేయాలో చూపించే అవకాశం పెద్ద కంపెనీలో దొరకదు.

ఫ్రంట్ డెస్క్‌కి మనుషులు దొరకడం లేదు. జె-1 మీద తెప్పించుకోవచ్చా?

వద్దు. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, అందుకే సూటిగా చెబుతున్నాను. ఖాళీగా ఉన్న ఉద్యోగం నింపడానికీ, ఉన్న ఉద్యోగిని తీసేసి ఆ పని చేయించడానికీ ట్రైనీని వాడకూడదని రూల్స్‌లోనే స్పష్టంగా ఉంది. నైపుణ్యం అక్కర్లేని పనులు అసలు కుదరవు. గుమాస్తా పనులు మొత్తం సమయంలో 20 శాతం దాటకూడదు. పిల్లల సంరక్షణ, వృద్ధుల సంరక్షణ, రోగులకు వైద్యం చేసే పనులూ నిషేధమే.

మీరే ఒక పరీక్ష పెట్టుకోండి: రేపు ఆ ట్రైనీ రాకపోతే మీ షిఫ్ట్ ఆగిపోతుందా? ఆగిపోతుందంటే మీకు కావలసింది ఉద్యోగి. దానికి మామూలు ప్రకటన ఇచ్చి మనిషిని తీసుకోండి. డబ్బులు అప్పు చేసి, ఇంట్లోవాళ్ళని ఒప్పించి వచ్చిన పిల్ల ఏడాదంతా గదులకు తాళాలు ఇస్తూ కూర్చుంటే అది ఆ పిల్లకి చేసిన అన్యాయం. వెనక్కి వెళ్ళాక చెప్పుకోవడానికి ఒక్క కొత్త పనైనా రావాలి కదా.

మాది ఐటీ కన్సల్టింగ్. ట్రైనీని క్లయింట్ దగ్గర పెట్టొచ్చా?

ఆ ఆలోచన మానుకోండి. స్టాఫింగ్ ఏజెన్సీల ద్వారా ట్రైనీలను ఎంచుకోవడం, పెట్టడం, శిక్షణ ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం. ట్రైనీ పనిచేసే చోటు, అక్కడ నేర్పే సూపర్‌వైజర్ పేరు స్పాన్సర్‌కి ఇచ్చే శిక్షణ ప్లాన్‌లో ఉండాలి. క్లయింట్‌కి గంటల లెక్కన బిల్లు వేసే పద్ధతి ఇక్కడ నడవదు. మీ ఆఫీసులోనే ఒక ఉత్పత్తి మీద మీ ఇంజనీర్ల పక్కన కూర్చుని పనిచేసేలా ఉంటే మాత్రం నిశ్చింతగా దరఖాస్తు చేయండి.

మా బావమరిది కొడుకు హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చేశాడు. మా హోటల్‌కే తీసుకురావచ్చా?

నేనైతే వద్దంటాను. అర్హతలన్నీ ఉన్నా, నేర్పేదీ మార్కులు వేసేదీ బంధువే అయితే ఆ శిక్షణని ఎవరూ నమ్మరు. వీసా ఆఫీసర్‌కీ అనుమానం వస్తుంది. అబ్బాయికి నిజంగా మేలు చేయాలనుంటే మంచి స్పాన్సర్‌ని చూపించి, వేరే హోటల్‌లో చేరేలా చూడండి. పండక్కి ఇంటికి పిలిచి భోజనం పెట్టండి.

## ప్లాన్, కాగితాలు

డీఎస్-7002 ఎవరు రాయాలి? నెట్‌లో దొరికే నమూనా పంపితే సరిపోదా?

మీరే రాయాలి, అంటే నేర్పబోయే సూపర్‌వైజర్ రాయాలి. ఇది శిక్షణ ప్రణాళిక. దీని మీద స్పాన్సర్, ట్రైనీ, సూపర్‌వైజర్ ముగ్గురూ సంతకం పెడతారు. ఏ దశలో ఏం నేర్పుతారు, ఎవరు నేర్పుతారు, ఎలా నేర్పుతారు, వచ్చిందో లేదో ఎలా తెలుసుకుంటారు, వారానికి ఎన్ని గంటలు, ఎంత చెల్లిస్తారు అన్నవి ఇందులో ఉండాలి.

కాపీ కొట్టిన ప్లాన్ చూడగానే తెలిసిపోతుంది. “ట్రైనీ ఫ్రంట్ ఆఫీసు పనుల్లో సహాయపడతారు” అని రాస్తే వెనక్కి వస్తుంది, రావాలి కూడా. అదే విషయాన్ని ఇలా రాయొచ్చు: “నైట్ ఆడిట్. ఆ రోజు కార్డు చెల్లింపులు, నగదు, గది అద్దెలు సిస్టమ్‌లో ఉన్న లెక్కతో సరిచూడటం. తేడా వస్తే ఏ బిల్లులో వచ్చిందో పట్టుకోవడం. మొదటి రెండు వారాలు ట్రైనీ ఆడిటర్ పక్కన కూర్చుని చూస్తారు. మూడో వారం నుంచి ట్రైనీ చేస్తుంటే ఆడిటర్ పక్కన ఉంటారు. ప్రతి శుక్రవారం సూపర్‌వైజర్ ఆ వారంలో ఒక రిపోర్ట్ తీసి, ట్రైనీ చేత వివరంగా చెప్పించుకుంటారు.” ఇది చదివినవాళ్ళకి ఆ గది, ఆ మనిషి, ఆ పని కళ్ళకి కడతాయి.

హోటల్ రంగంలో 6 నెలలు, ఆపైన ఉండే ప్లాన్‌లో కనీసం మూడు విభాగాలు మారాలి. ఫ్రంట్ ఆఫీసు, ఫుడ్ అండ్ బెవరేజ్, రెవెన్యూ అని పెట్టుకుంటే బాగుంటుంది. మూడో దానికి వచ్చేసరికి మొదటి రెండింటిలో చూసిన అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో ట్రైనీకి తెలిసుంటుంది.

ఖర్చులు ఎవరు పెట్టుకోవాలి?

స్పాన్సర్ ఫీజు, సెవిస్ (విదేశీ విద్యార్థులు, జె-1 వాళ్ళ వివరాలుండే ప్రభుత్వ రికార్డు వ్యవస్థ) ఫీజు 220 డాలర్లు, వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు, ఇన్సూరెన్స్, విమాన టికెట్ ప్రధానమైనవి. ఫీజులు మారుతుంటాయి కాబట్టి కట్టే రోజు మళ్ళీ చూసుకోండి. ఎవరు ఏది కడతారో ఆఫర్ లెటర్‌లోనే రాసేయండి. స్పాన్సర్ ఫీజు, ఇన్సూరెన్స్ కంపెనీ భరిస్తే మంచిదని నా అభిప్రాయం. మీ కంపెనీ పేరు చెప్పి అక్కడి ఏజెంట్ ఎవరైనా “అమెరికాలో ఉద్యోగం” అని లక్షలు వసూలు చేస్తున్నారేమో అభ్యర్థిని నేరుగా అడగండి. అడగకపోతే వాళ్ళు భయంతో చెప్పరు.

వీసా ఇంటర్వ్యూకి కంపెనీ నుంచి ఏం ఇవ్వాలి?

డీఎస్-2019, సంతకాలైన డీఎస్-7002 అభ్యర్థి చేతిలో ఉండాలి. వీటికి తోడు మీ కంపెనీ గురించి ఒక పేజీ పంపితే చాలు. ఏపీ, తెలంగాణ నుంచి వచ్చేవాళ్ళు మామూలుగా హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌కి వెళ్తారు. ఏ దేశం వాళ్ళు ఆ దేశంలోనో, తాము స్థిరంగా ఉంటున్న దేశంలోనో ఇంటర్వ్యూకి వెళ్ళాలని 2025 సెప్టెంబర్‌లో విదేశాంగ శాఖ చెప్పింది. త్వరగా అపాయింట్‌మెంట్ దొరుకుతుందని మూడో దేశం వెళ్ళమని సలహా ఇవ్వకండి. 2025 జూన్ నుంచి జె వీసా అభ్యర్థులను సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టమంటున్నారు, ఆ సంగతి ముందే చెప్పండి.

ఇంటర్వ్యూకి వారం ముందు వీడియో కాల్‌లో ప్లాన్ మొత్తం ఇద్దరూ కలిసి చదవండి. “ఏం నేర్చుకోవడానికి వెళ్తున్నావు?” అంటే అభ్యర్థి సొంత మాటల్లో చెప్పగలగాలి. బట్టీ పట్టించకండి.

## వచ్చిన మొదటి రోజుల్లో

ఎప్పుడు దిగాలి? ముందే వస్తే పని మొదలుపెట్టొచ్చా?

డీఎస్-2019 మీదున్న ప్రారంభ తేదీకి 30 రోజుల ముందు నుంచి దేశంలోకి రావచ్చు. పని మాత్రం ఆ తేదీ నుంచే. “ఊరికే చూస్తూ కూర్చుంటాడు” అన్నా కుదరదు. వచ్చిన వెంటనే స్పాన్సర్‌కి తన చిరునామా తెలియజేయాలి, అప్పుడే వాళ్ళు సెవిస్‌లో రికార్డుని యాక్టివ్ చేస్తారు. ఇది మరిచిపోతే వీసా హోదాకే ఎసరొస్తుంది. ట్రైనీ దిగిన మర్నాడు పక్కన కూర్చుని ఆ ఈమెయిల్ పంపించండి.

ఇల్లు మేమే చూపించాలా?

చట్టప్రకారం ఆతిథ్య సంస్థే ఇల్లు ఇవ్వాలని లేదు. కానీ డాలస్ శివార్లలో, బస్సు లేని చోట, క్రెడిట్ స్కోర్ గానీ సోషల్ సెక్యూరిటీ నంబర్ (జీతం, పన్నుల లెక్కకి ప్రభుత్వం ఇచ్చే నంబర్) గానీ లేని 22 ఏళ్ళ పిల్లకి అపార్ట్‌మెంట్ ఎవరిస్తారు? కనీసం మొదటి నెలకి గది ఏర్పాటు చేయండి. రాత్రి 11 గంటలకి ఎయిర్‌పోర్ట్‌లో రెండు సూట్‌కేసులతో దిగినప్పుడు ఒక మనిషి ఎదురుచూస్తుండాలి. పనికి ఎలా వస్తారో, సరుకులు ఎక్కడ కొనుక్కుంటారో దిగకముందే తేల్చండి. కంపెనీయే గది ఇచ్చి జీతంలోంచి అద్దె కోస్తుంటే, ఆ మొత్తం ముందుగానే కాగితం మీద ఉండాలి, అది న్యాయంగానూ ఉండాలి.

సోషల్ సెక్యూరిటీ నంబర్ రాకుండా పనిలో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. సెవిస్‌లో యాక్టివ్ అయ్యాక కొన్ని రోజులు ఆగి ఆ నంబర్‌కి దరఖాస్తు చేయాలి, కార్డు తర్వాత వస్తుంది. ఐ-9 (పని చేసే అర్హత ఉందని యజమాని సరిచూసే ఫారం) మాత్రం ఆలస్యం చేయకూడదు: మొదటి భాగం ట్రైనీ మొదటి రోజే నింపాలి, పత్రాలు మీరు చూసి 3 పనిదినాల్లో రెండో భాగం పూర్తిచేయాలి. పాస్‌పోర్ట్, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), డీఎస్-2019 చూపిస్తే సరిపోతుంది.

భద్రంగా ఉంటుందని పాస్‌పోర్ట్ మా ఆఫీసు లాకర్‌లో పెట్టొచ్చా?

పెట్టకూడదు. ఐ-9 కోసం చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి. మనిషిని పనిలో కట్టిపడేయడానికి పాస్‌పోర్ట్ దాచుకోవడం ఇక్కడ నేరం. జె-1 మీద వచ్చేవాళ్ళకి వాళ్ళ హక్కులు చెప్పే కరపత్రం కాన్సులేట్‌లోనే చూపిస్తారు. అందులోని హెల్ప్‌లైన్ నంబర్ మీ బ్రేక్ రూమ్ గోడ మీద కూడా పెట్టండి.

## పనిచేస్తున్నప్పుడు

జీతం ఇచ్చి తీరాలా?

కార్యక్రమ నిబంధనల్లో ఇంత ఇవ్వాలని అంకె లేదు. కానీ అమెరికా కార్మిక చట్టాలన్నీ వర్తిస్తాయి. మీకు పనికొచ్చే పని చేస్తున్నప్పుడు కనీస వేతనం, ఓవర్‌టైమ్ ఇవ్వాల్సిందే. టెక్సస్‌లో కనీస వేతనం ఇప్పటికీ కేంద్రం పెట్టిన గంటకి 7.25 డాలర్లే. దానితో ఎవరూ బతకలేరని మీకూ తెలుసు. ఆ ఊళ్ళో అద్దె, తిండి, ఫోన్ లెక్కేసి అంతకన్నా పైన ఇవ్వండి. శిక్షణ పూర్తికాలం, అంటే వారానికి కనీసం 32 గంటలు ఉండాలి. వ్యాపారం మందగించిందని 20 గంటలకి తగ్గించడం కుదరదు.

పేరోల్‌లో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు (పింఛను, వృద్ధుల వైద్యం కోసం జీతంలోంచి పోయేవి) కట్ చేయాలా?

పన్నుల లెక్కలో నాన్ రెసిడెంట్‌గా ఉన్నంతకాలం జె-1 ట్రైనీకి ఆ రెండూ ఉండవు, మీ వాటా కూడా ఉండదు. ఫెడరల్ ఆదాయపు పన్ను మాత్రం కట్ చేయాలి. రాష్ట్ర పన్ను ఉన్నచోట అదీ కట్ చేయాలి.

ఈ మినహాయింపు మామూలుగా రెండు క్యాలెండర్ సంవత్సరాలకి లెక్క. అక్టోబర్‌లో వచ్చినా ఆ ఏడాది ఒక పూర్తి సంవత్సరం కిందే పోతుంది. మూడో క్యాలెండర్ సంవత్సరంలో అడుగుపెడితే ఎన్ని రోజులు ఉంటున్నారో మీ సీపీఏ (అకౌంటెంట్) చేత మళ్ళీ చూపించండి. పేరోల్ సాఫ్ట్‌వేర్ తనంతట తాను రెండూ కోసేస్తుంది, కాబట్టి మొదటి పే స్టబ్ (జీతం చీటీ) ట్రైనీతో కలిసి చూడండి. పొరపాటున కోస్తే తిరిగి ఇవ్వాల్సిన మొదటి బాధ్యత మీదే. ఏడాది చివర వాళ్ళు నాన్ రెసిడెంట్లు వేసే 1040-ఎన్ఆర్, 8843 పన్ను ఫారాలు వేయాలి. మామూలు 1040 వేసే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడనివ్వకండి.

శని, ఆదివారాలు వేరేచోట పని చేసుకుంటానంటే?

కుదరదు. డీఎస్-2019లో ఉన్న కార్యక్రమం తప్ప మరో పని చేయకూడదు, తెలిసినవాళ్ళ కొట్లో నగదుకి చేసినా అంతే. డబ్బు సరిపోవడం లేదని అలా అడుగుతుంటే, మీరిచ్చేది ఒకసారి చూసుకోండి.

మధ్యలో వేరే బ్రాంచ్‌కి పంపొచ్చా?

ముందు స్పాన్సర్ అనుమతి కావాలి. చోటు, సూపర్‌వైజర్, గంటలు, దశల వరుస ఏది మారినా చెప్పి ప్లాన్ మార్పించాకే అమలుచేయాలి. సూపర్‌వైజర్ ఉద్యోగం మానేస్తే ఆ వారమే తెలియజేయండి.

ఒంట్లో బాగోకపోతే ఎవరు చూసుకుంటారు?

జె-1 మీద ఉన్నంతకాలం ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఒక్కో జబ్బుకి గానీ ప్రమాదానికి గానీ కనీసం లక్ష డాలర్ల కవరేజీ ఉండాలి. జేబులోంచి ముందు కట్టుకునే మొత్తం 500 డాలర్లు దాటకూడదు. చాలా పాలసీలు పంటి వైద్యానికీ, అంతకుముందే ఉన్న జబ్బులకీ ఇవ్వవు. చిన్న జ్వరానికి ఎమర్జెన్సీకి వెళ్ళకుండా అర్జెంట్ కేర్ ఎక్కడుందో చూపించండి. ప్రమాదం జరిగితే అదే రోజు స్పాన్సర్‌కి చెప్పాలి.

మనసు బాగోకపోవడమూ ఇందులో భాగమే. మూడో నెలలో చాలామందికి ఇంటి మీద బెంగ పట్టుకుంటుంది: మాటలు తగ్గుతాయి, లంచ్‌కి బయటికి రారు. అది గమనించే మనిషి ఒకరు, సూపర్‌వైజర్ కాకుండా, ఆఫీసులో ఉండాలి.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళి రావచ్చా?

రావచ్చు. వీసా చెల్లుబాటులో ఉండాలి, డీఎస్-2019 మీద స్పాన్సర్ ప్రయాణ సంతకం ఉండాలి. ఆ సంతకం ఏడాది వరకే పనికొస్తుంది. టికెట్ కొనకముందే చూసుకోమనండి.

పనికి సరిపోడనిపిస్తే తీసేయొచ్చా?

తీసేసే ముందు స్పాన్సర్‌కి ఫోన్ చేయండి. తరచుగా అసలు సమస్య భాషో, సూపర్‌వైజర్‌కి ఖాళీ లేకపోవడమో అవుతుంది. స్పాన్సర్ ముగ్గురినీ కూర్చోబెట్టి మాట్లాడితే సర్దుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. నిజంగానే పొసగకపోతే వేరే ఆతిథ్య సంస్థని వెతుక్కోవడానికి వాళ్ళకి కొంత సమయం దొరికేలా చూడండి. మీరు హఠాత్తుగా పంపించేస్తే ఆ మనిషి హోదాకే ప్రమాదం.

## ముగిసే వేళ

మూల్యాంకనం ఎన్నిసార్లు చేయాలి?

6 నెలలు దాటే కార్యక్రమానికి మధ్యలో ఒకసారి, చివర ఒకసారి. 6 నెలలు, అంతకన్నా తక్కువైతే చివర ఒకటి చాలు. సూపర్‌వైజర్, ట్రైనీ ఇద్దరూ సంతకం పెట్టాలి. “వెరీ గుడ్” అని రాసి వదిలేయకండి. ఏ పని ఒంటరిగా చేయగలరో, దేనికి ఇంకా తోడు కావాలో రాస్తే, తిరిగి వెళ్ళాక కొత్త యజమానికి చూపించుకోవడానికి అదే ఆధారం.

ఇంకో ఆరు నెలలు పొడిగించొచ్చా?

గరిష్ఠ గడువు లోపలైతే స్పాన్సర్ పొడిగించగలరు, కొత్త దశలతో ప్లాన్ ఇవ్వాలి. గడువు నిండితే లేదు. ముగింపు తేదీ తర్వాత 30 రోజులు ఉండి ఊళ్ళు చూసి వెళ్ళొచ్చు, ఒక్క గంట కూడా పని చేయకూడదు. ట్రైనీగా మళ్ళీ రావాలంటే రెండేళ్ళు అమెరికా బయట ఉండాలి.

అయ్యాక రెండేళ్ళు సొంత దేశంలో ఉండాలంటారు, ఇండియా వాళ్ళకి అది ఉందా?

ప్రభుత్వ నిధులతో వచ్చినవాళ్ళకీ, విదేశాంగ శాఖ పెట్టిన నైపుణ్యాల జాబితాలో (ఏ దేశానికి ఏ నైపుణ్యాలు అవసరమో చెప్పేది) ఉన్న దేశాలవాళ్ళకీ ఆ షరతు ఉంటుంది. హెచ్-1బీ గానీ గ్రీన్ కార్డు గానీ తీసుకునే ముందు ఆ రెండేళ్ళు పూర్తిచేయాలి, లేదా మినహాయింపు తెచ్చుకోవాలి. 2024 డిసెంబర్ 9న కొత్త జాబితా వచ్చినప్పుడు ఇండియాని అందులోంచి తీసేశారు. కాబట్టి ప్రభుత్వ నిధులు లేకుండా వచ్చే ఇండియా ట్రైనీలకి ఆ జాబితా వల్ల అడ్డు లేదు. వేరే దేశాల ట్రైనీలైతే ఆ దేశం జాబితాలో ఉందో లేదో చూడండి. వీసా మీదా, డీఎస్-2019 మీదా కూడా దీని గురించి రాసి ఉంటుంది.

బాగా పనిచేసింది. మా దగ్గరే ఉద్యోగం ఇస్తామని ముందే మాట ఇవ్వచ్చా?

ఇవ్వకండి. తిరిగి వెళ్తామని చెప్పే వీసా తీసుకుంటారు. ముందే ఉద్యోగం మాట ఇస్తే ఇంటర్వ్యూలో ఆ అమ్మాయి ఇబ్బందిలో పడుతుంది. పైగా హెచ్-1బీ లాటరీ మీ చేతిలోనూ లేదు, తన చేతిలోనూ లేదు. కార్యక్రమం పూర్తయ్యాక మీకు నిజంగా ఖాళీ ఉంటే అప్పుడు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. ఈలోగా తనకి ఒక సిఫారసు లేఖ రాసివ్వండి: ఏ సిస్టమ్ మీద పనిచేసింది, ఏ రిపోర్టులు సొంతంగా తయారుచేసింది, ఎవరి దగ్గర నేర్చుకుంది అన్న వివరాలతో, సూపర్‌వైజర్ ఫోన్ నంబర్‌తో సహా.